గోడకు ఏదీ అంటని హాస్టల్ గదిని రెండు వేలలో ఎలా తీర్చిదిద్దుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: హనుమకొండలో ఇంజినీరింగ్ రెండో ఏడు, ఇద్దరుండే గది, 10 × 12 అడుగులు. రెండు ఇనప మంచాలు, రెండు బల్లలు, రెండు బీరువాలు, ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు. మేకు కొడితే కాషన్ డిపాజిట్‌లో కోత. ఏ టేపుతో అంటించినా పోస్టర్లు రెండు రోజులకే కింద పడుతున్నాయి. ఇద్దరూ కలిపి పెట్టగలిగింది 2000 రూపాయలు. ఆ డబ్బుతో వాల్ స్టిక్కర్లు కొనాలా, రంగులు మారే ఎల్ఈడీ స్ట్రిప్ కొనాలా?

రెండూ వద్దు. ఆ రెండింటికీ గోడే ఆధారం, మీ గోడ దేన్నీ పట్టుకునేది కాదు. గోడను దాని మానాన వదిలేసి, గదిలో ఉన్న ఇనుముకు కట్టుకోండి. మంచం, కిటికీ ఊచలు, బీరువా, ఈ మూడూ కదలవు, పెచ్చులూడవు, వార్డెన్ వాటి మీద మరకలు వెతకడు.

ముందు గోడ సంగతి తేల్చుకోండి. అరచేత్తో గట్టిగా రుద్దితే చేతికి తెల్లగా అంటిందంటే అది సున్నమో, చౌక రకం డ్రై డిస్టెంపరో (పొడిని నీళ్లలో కలిపి పూసే రంగు). టేపు జిగురు అప్పుడు గోడను పట్టుకోవడం లేదు, పైనున్న పొడిని పట్టుకుంటోంది. ఖరీదైన టేపు కొంటే పొడి ఇంకాస్త ఎక్కువ వస్తుంది, అంతే తేడా. మీ వర్ణన చూస్తే మీది ఈ రకమే. చేతికేమీ అంటకుండా, తడిగుడ్డతో తుడిచినా రంగు రాకుండా ఉంటే ఎమల్షన్ పెయింటు. దానికి టేపు బాగానే పడుతుంది, పేచీ అంతా తీసేటప్పుడే. ఫోమ్ ఉన్న డబుల్ సైడ్ టేపు లాగితే రంగు పొర మొత్తం దాంతో పాటే ఊడొస్తుంది, ఒక్కోసారి కింద పుట్టీ కూడా. ఎమల్షన్ గోడ ఉన్నవాళ్లు ముందు పెయింటర్లు వాడే కాగితపు మాస్కింగ్ టేపు వేసి, దాని మీద డబుల్ సైడ్ వేసి, ఆ మీద పోస్టరు పెట్టాలి. అదీ ఎక్కువకాలం ఉంచకుండా మారుస్తుండాలి, లేకపోతే మాస్కింగ్ టేపు జిగురే గోడ మీద ఉండిపోతుంది. మైదా ఉడికించి అంటించమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఒకరుంటారు. గోడకు అది పట్టే మాట నిజమే, బొద్దింకలు వచ్చే మాటా నిజమే, ఏడాది చివర కాగితం గీకలేక చచ్చే మాట అంతకంటే నిజం.

వాల్ స్టిక్కర్ అంటే వెనక జిగురున్న పీవీసీ రోలు, సాధారణంగా 45 సెంటీమీటర్ల వెడల్పు. సున్నం గోడ మీద తొలి వానలకే అంచులు లేస్తాయి, వెనక చెమ్మ చేరి నల్లగా బూజు పడుతుంది. కొనాలనే ఉంటే బల్ల పైభాగానికి వేసుకోండి, చదునుగా ఉంటుంది కాబట్టి బాగా పడుతుంది. తీసేశాక మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి తుడిస్తే పోతుంది.

డబ్బు తీయకముందు సామాను జరపండి. 12 అడుగుల గోడ పొడవునా కిటికీ వైపు బల్ల, తర్వాత మంచం, తలుపు వైపు బీరువా. బల్ల 3 అడుగులు, మంచం 6, బీరువా మహా అయితే 3. అతికినట్టు సరిపోతుంది, అయినా టేపుతో కొలిచాకే జరపండి. రెండు గోడలకూ ఇదే వరస. తలుపు తెరవగానే మంచం మీది చిందరవందర బీరువా చాటున పడుతుంది. గది ఒక్కసారిగా నీటుగా కనపడటానికి సగం కారణం అదే. మంచాల మధ్య 4 అడుగుల దారి మిగులుతుంది, బల్లల దగ్గర ఇద్దరూ వీపులు ఎదురెదురుగా పెట్టి కూర్చోవచ్చు. ఒక చిక్కుంది. గుమ్మంలోంచి చూస్తే కుడిగోడ బల్లకు కిటికీ వెలుతురు ఎడమ పక్కనుంచి వస్తుంది, అది మంచిది. ఎడమగోడ బల్లకు కుడి పక్కనుంచి వస్తుంది, రాసే చేతి నీడ కాగితం మీదే పడుతుంది. ఒక్క టేబుల్ ల్యాంపే ఉంటే అది ఆ బల్లకు ఇవ్వండి. మీలో ఎవరిదైనా ఎడమచేతి వాటమైతే వాళ్లనే అటు కూర్చోబెట్టండి, గొడవే లేదు.

ఇక అసలు పని, మంచానికి గొట్టాల ఫ్రేము. కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపులు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతాయి. ఒక్కోటి 3 మీటర్లు, అంటే 10 అడుగులకు రెండంగుళాలు తక్కువ. 25 ఎంఎం, మీడియం రకం అడగండి. 20 ఎంఎం చౌకే గానీ 6 అడుగుల అడ్డకమ్మీగా పెడితే నడుమ వంగిపోతుంది. ఒక్కో మంచానికి మూడు పైపులు, రెండు ఎల్బోలు (మూలలో రెండు గొట్టాలను కలిపే వంపు ముక్కలు), పది కేబుల్ టైలు (లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీలు) కావాలి. టైలు 8 అంగుళాలవైతే చాలు. మంచం కాలు లావుగా ఉంటే కొలుచుకుని ఇంకా పొడుగువి తీసుకోండి.

ఈ ఫ్రేముకు వేలాడదీసేది మామూలు సింగిల్ దుప్పటి, 60 × 90 అంగుళాలది. అడ్డంగా తిప్పితే ఎత్తు 60 అంగుళాలు, వెడల్పు ఏడున్నర అడుగులు. 6 అడుగుల కమ్మీకి కొంచెం కుచ్చులు పడి బాగుంటుంది. పొడవాటి అంచును రెండున్నర అంగుళాలు వెనక్కి మడిచి టాకా వేస్తే గొట్టం దూరే గొంది వస్తుంది. గొట్టం చుట్టుకొలత 8 సెంటీమీటర్లు కాబట్టి మడత మరీ చిన్నదైతే దూరదు. ఇక ఎత్తు లెక్క. నిలువు గొట్టం నేల నుంచి ఆరున్నర అడుగులు, అంటే 78 అంగుళాలు. మడత పోగా దుప్పటి 57 అంగుళాల చిల్లర. కింది అంచు నేలకు ఇరవైన్నర అంగుళాల ఎత్తులో ఆగుతుంది. మంచం 18, పరుపు 4 అంగుళాలు అనుకుంటే పరుపు వెనక్కి ఒకటిన్నర అంగుళం దిగుతుంది. గోడ కొంచెం కూడా కనపడదు, పడుకుంటే చొక్కాకు సున్నం అంటదు.

ఇక్కడ ఎక్కువమంది చెడగొట్టుకునేది వరస తప్పి. నూలు దుప్పటి మొదటి ఉతుకులో రెండు మూడు అంగుళాలు కుంచించుకుపోతుంది. ముందు దుప్పటి కొని, ఒక రాత్రి నానబెట్టి, ఉతికి ఆరేయండి. అప్పుడు దాన్నీ మంచాన్నీ కొలవండి. గొట్టాలు కోయించేది ఆ తర్వాతే. పైపులు కొన్న షాపులోనే కోసి ఇమ్మంటే ఇస్తారు. లేదంటే హాక్సా బ్లేడు ఒక్కటి కొనుక్కుని, దాని ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని కోసినా గొట్టం తెగుతుంది.

బిగించే పద్ధతి: గోడ వైపున్న రెండు కాళ్లకు నిలువు గొట్టాలు, గోడకూ మంచానికీ మధ్యన నిలబెట్టాలి. ఒక్కచోట కడితే గొట్టం పక్కకు వాలుతుంది. నేలకు మూడంగుళాల ఎత్తులో ఒకచోట, మంచం చట్రం దగ్గర ఇంకోచోట, రెండేసి టైలు. తలవైపు పైకి లేచిన కమ్మీ ఉన్న మంచమైతే అక్కడ మూడో కట్టు వేస్తే ఇక చలించదు. నున్నటి ఇనుము మీద నున్నటి ప్లాస్టిక్ జారుతుంది, అందుకని కాలికీ గొట్టానికీ మధ్య పాత సైకిలు ట్యూబు ముక్క పెట్టి బిగించండి. పంక్చరు షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. ఎల్బోలకు పీవీసీ సిమెంటు పూయొద్దు, ఏడాది చివర విప్పాలి. వదులుగా ఉంటే గొట్టం చివర రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు చుట్టి దూర్చండి. పై మూలలు గోడకు ఆనుతాయి, అక్కడ గుడ్డ చుడితే గీత పడదు. అప్పటికీ అడ్డకమ్మీ నడుమ వంగిందా, మిగిలిన మూడడుగుల ముక్కలు రెండూ కప్లింగుతో కలిపి, పొడవు సరిచేసి, నడిమధ్యన నిట్టాడులా నిలబెట్టి పైన ఒక టైతో కట్టండి.

ఫ్యాను గది మధ్యలో ఉండి రెక్కల వెడల్పు 1200 ఎంఎం అయితే, రెక్క కొసకూ ఈ ఫ్రేముకూ దాదాపు మూడడుగుల ఎడం ఉంటుంది. ఇబ్బంది లేదు. కానీ ఫ్యాను కడ్డీకి తాళ్లు, లైట్లు కట్టి నాలుగు మూలలకూ లాగే ఫొటోలు చూసి మోజు పడకండి. ముడి ఒకటి జారితే చాలు.

దుప్పటి రంగు లేతది తీసుకోండి, తెలుపుకు దగ్గరగా ఉన్న గోధుమ రంగో, లేత పసుపో. ముదురు రంగు దుప్పటి రెండు వైపులా వేస్తే ఉన్న ఒక్క ట్యూబ్‌లైటు వెలుతురునూ మింగేస్తుంది. బొమ్మలున్నది కావాలనుకుంటే పెడన అచ్చుల కలంకారీ గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. దాన్ని చిన్న ముక్కగా బల్ల మీదికో, దిండు గలీబుకో వాడండి. మొదటి ఉతుకుల్లో రంగు దిగుతుంది, విడిగా ఉతకాలి. ఎండ నేరుగా పడేచోట వెలిసిపోతుంది కాబట్టి కిటికీకి వద్దు.

కిటికీకి గుడ్డ కొననే అక్కర్లేదు. ఇంట్లో అమ్మ కట్టి పక్కన పెట్టిన నూలు చీర ఒకటి తెచ్చుకోండి. చీర అయిదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాల వరకు ఉంటుంది. 4 × 4 అడుగుల కిటికీకి పన్నాను పన్నాగా రెండు ముక్కలు వేస్తే వెడల్పుకు దాదాపు రెట్టింపు గుడ్డ వస్తుంది, కుచ్చులకు అది చాలు. ఒక్కో ముక్క పొడవు కిటికీ ఎత్తు 48, పైన గొంది 4, కింద మడత 4, కిందికి జారడానికి 6, మొత్తం 62 అంగుళాలు. రెండింటికీ మూడు మీటర్ల చిల్లర పోతుంది, చీరలో ఇంకా రెండు మీటర్ల పైనే మిగులుతుంది. పల్లూ ఉన్న ఆ మిగులును బీరువా పక్కకో, బల్లకో వాడుకోవచ్చు. వేలాడదీయడానికి హార్డ్‌వేర్ షాపులో కర్టెన్ స్ప్రింగ్ వైరు అడగండి. ప్లాస్టిక్ తొడుగున్న స్ప్రింగు అది, చివర్లకు కొక్కేలు వస్తాయి. ఆ కొక్కేలు గోడకు కాదు, కిటికీ ఊచలకే తగిలించాలి. కొలతకు సరిగ్గా కోస్తే గుడ్డ బరువుకు మధ్యలో వేలాడుతుంది, అడుగుకు అంగుళం చొప్పున తక్కువ కోస్తే బిగుతుగా నిలుస్తుంది. పడమటి కిటికీ అయితే చీర వెనక పాత తెల్ల పంచె ఒకటి కలిపి కుట్టండి, వేసవి మధ్యాహ్నాలు తేడా తెలుస్తుంది. తలుపు రెక్కలు లోపలికి తెరుచుకునే కిటికీ అయితే మాత్రం ఈ ఏర్పాటు అడ్డం వస్తుంది. అలాంటప్పుడు ఒక్కో రెక్కకు విడిగా చిన్న గుడ్డ కట్టుకోవడమే.

నేల విషయంలో మీరు అదృష్టవంతులు, వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడ మీ పక్కనే ఉంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేసేది అక్కడే. 4 × 6 అడుగుల నూలుది మంచాల మధ్య దారికి సరిపోతుంది. ఆన్‌లైన్‌లో అదే ధరకు వచ్చే పాలిస్టర్ బొచ్చు కార్పెట్ కంటే ఇది ఎన్నో రెట్లు నయం. బొచ్చులో దుమ్ము, వెంట్రుకలు, చిప్స్ పొడి ఇరుక్కుంటాయి, హాస్టల్లో వాక్యూమ్ క్లీనర్ ఉండదు. జంపఖానాను బాల్కనీలో రెండుసార్లు దులిపితే చాలు, పైగా రెండు వైపులా వాడుకోవచ్చు. టైల్స్ మీద జారకుండా ఒక అంచును మంచం కాళ్ల కింద నొక్కిపెట్టండి.

ఇప్పుడు వెలుతురు. హాస్టల్ ట్యూబు దాదాపు ఎప్పుడూ 6500 కెల్విన్, నీలం కలిసిన తెలుపు. చదువుకోవడానికి పనికొస్తుంది, మిగతా సమయమంతా గది ఆసుపత్రి వార్డులా ఉంటుంది. దీనికి విరుగుడు రంగురంగుల స్ట్రిప్ కాదు, ఒక్క 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, డబ్బా మీద 3000 కెల్విన్ లేదా వార్మ్ వైట్ అని ఉన్నది. షాపువాడు అలవాటుగా తెల్లది తీసి ఇస్తాడు, వెలిగించి చూపించమనండి. దానికి ఒక హోల్డరు, రెండు మీటర్ల వైరు, ఒక ప్లగ్ టాప్. అక్కడే బిగించి ఇమ్మంటే అయిదు నిమిషాల పని. పైన బోర్లించడానికి మేదరవాళ్లు అల్లే చిన్న వెదురు బుట్ట. అడుగున అల్లిక కొంచెం సడలించి వైరు దూర్చండి. బల్బుకూ బుట్టకూ రెండంగుళాల ఎడం ఉంచండి. ఎల్ఈడీ బల్బుకు వేడి పైభాగంలో కాదు, హోల్డరు దగ్గర పుడుతుంది. అక్కడ గాలి ఆడకపోతే కాలిపోదు గానీ తొందరగా పోతుంది. ఈ దీపాన్ని ఫ్రేము మూలకు వేలాడదీస్తే బుట్ట అల్లిక నీడ లేత దుప్పటి మీద పడుతుంది. అలంకరణ పేరుతో కొనే చాలా వస్తువుల కంటే అదే బాగుంటుంది.

సీరియల్ లైట్లు పెట్టుకోవాలని ఉంటే యూఎస్‌బీ రకమే కొనండి. సన్నటి రాగి తీగకు గింజల్లా ఎల్ఈడీలుంటాయి, ఫోన్ చార్జరుతో 5 వోల్టుల మీద వెలుగుతాయి. పండగలప్పుడు అమ్మే చౌక సెట్లు నేరుగా 230 వోల్టుల మీద నడుస్తాయి, వాటి వైరు తొడుగు గోరు తగిలితే చిట్లేంత పలచన. ఇనప మంచానికి దాన్ని చుట్టారంటే ఎక్కడ ఒక్కచోట చిట్లినా మంచం మొత్తం షాక్ కొడుతుంది. ఈ ఒక్క విషయంలో యాభై రూపాయల దగ్గర పొదుపు చేయకండి. బుట్ట దీపం వైరు కూడా మంచం ఇనుముకు ఆనకుండా ప్లాస్టిక్ గొట్టం వెంబడే తీసుకెళ్లి టైలతో కట్టండి.

మీ ప్లగ్ పాయింటు 6 ఆంపియర్లదే అయ్యుంటుంది. అంటే 230 వోల్టుల మీద 1380 వాట్లు దాని హద్దు. బల్బు 9, ల్యాప్‌టాప్ 65, రెండు ఫోన్లు 40, టేబుల్ ఫ్యాను 50 అనుకున్నా రెండు వందలు దాటవు, ఐఎస్ఐ గుర్తున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు హాయిగా మోస్తుంది. 1500 వాట్ల కెటిలో, నీళ్లు కాచే రాడ్డో అదే బాక్సుకు పెడితే ప్లాస్టిక్ కరిగిన వాసన మొదలవుతుంది. పక్కన వేలాడుతున్నది గుడ్డ అని గుర్తుంచుకోండి. బాక్సును మంచం మీదా, కర్టెను కిందా పెట్టకండి.

ఫొటోలకు, టైంటేబుళ్లకు బీరువా ఉంది కదా. ఇనప రేకు కాబట్టి చిన్న అయస్కాంతాలు పెడితే టేపు అవసరమే రాదు. మందపాటి పోస్టరుకు నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి. బల్ల పైన కావాలంటే కిటికీ ఊచ నుంచి ఫ్రేము నిలువు గొట్టం దాకా పురికొస లాగి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. నాలుగడుగుల లోపే కాబట్టి పెద్దగా సాగదు.

మొక్క కావాలంటే మనీప్లాంట్ తీగ, కణుపు ఒకటి నీళ్లలో మునిగేలా సీసాలో పెట్టండి. రంగు సీసా అయితే పాచి తక్కువ పడుతుంది. వారానికోసారి నీళ్లు మార్చాలి, మరిచిపోతే డెంగీ దోమలను పెంచినట్టే.

నల్లుల సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. గుడ్డలు పెరిగేకొద్దీ అవి దాక్కునే చోట్లు పెరుగుతాయి. ఫ్రేము కట్టే ముందే పరుపు బయట ఎండలో వేసి, మంచం అతుకుల్లో, బోల్టు సందుల్లో మరిగే నీళ్లు పోయండి. సీనియర్లు వదిలేసి వెళ్లిన పరుపులు, దిండ్లు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. బల్ల, కుర్చీ, బకెట్టు తీసుకోవచ్చు. వేలాడే దుప్పటిని నెలకోసారి వేడినీళ్లలో ఉతకండి. గోడ చెమ్మ పట్టేదైతే వానాకాలంలో నిలువు గొట్టాల వెనక చెక్క ముక్కలు పెట్టి రెండంగుళాలు ఎడం చేయండి, గాలి ఆడితే బూజు పట్టదు.

లెక్క సుమారుగా ఇలా వస్తుంది, షాపును బట్టి కొంచెం అటూ ఇటూ. పైపులు ఆరు, 540. ఎల్బోలు, టైలు కలిపి 90. దుప్పట్లు రెండు, 440. బుట్టతో సహా దీపం 260. యూఎస్‌బీ లైట్లు 130. స్ప్రింగ్ వైరు 60. జంపఖానా 400, చేనేతది అంతకంటే ఎక్కువ చెబితే ఇంకాస్త చిన్న సైజు తీసుకోండి. అయస్కాంతాలు 60. మొత్తం 1980. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీ దగ్గర ఉందనే అనుకుంటున్నాను. లేకపోతే యూఎస్‌బీ లైట్లు మానేసి, దుప్పట్లు ఇంటి నుంచి తెచ్చుకుని బాక్సు కొనండి. చేతిలో అయిదు వందలే ఉంటే మాత్రం దీపం ఒక్కటే కొని, సామాను జరిపి, చీర కర్టెను కట్టుకోండి. ఫ్రేములు తర్వాత చూసుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు నాలుగు గోడలూ, మంచం కాళ్లూ, బీరువా గీతలూ ఫోన్‌తో ఫొటోలు తీసి ఇద్దరి దగ్గరా దాచుకోండి. ముందున్న మరకలకు మీ డిపాజిట్ కోయకుండా అడగడానికి అదొక్కటే ఆధారం. ఖాళీ చేసే రోజు టైలను కత్తెరతో కాకుండా నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే మంచం పెయింటు గీరుకుపోదు. ఆరు గొట్టాలనూ పురికొసతో ఒకే కట్టగా కట్టేయండి. ఎల్బోలు ఒక సంచిలో వేసి ఆ కట్టకే ముడేయండి, వచ్చే ఏడు ముందు మాయమయ్యేవి అవే.